ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ వేగం: ఎంత పెట్టాలి, ఎక్కడ ఆపాలి

మీరు అడిగింది ఇది. గాలి ఒత్తిడిని ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్ ఉన్న 4.5 మి.మీ. పీసీపీ రైఫిల్ (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో కొట్టేది), 0.53 గ్రాముల ఫ్లాట్ హెడ్ (బల్లపరుపు తల) పెల్లెట్లు, వేగం సెకనుకు 230 మీటర్లు. పది షాట్లు కొడితే అన్నిటికంటే వేగమైన దానికీ అన్నిటికంటే నిదానమైన దానికీ మధ్య సెకనుకు 9 మీటర్ల తేడా. గ్రూప్ (టార్గెట్ మీద పడ్డ రంధ్రాల గుంపు) బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే 10 మీటర్ల దగ్గర 11 మి.మీ., 25 మీటర్ల దగ్గర 35 మి.మీ. వేగం పెంచితే గ్రూప్ బిగుస్తుందా, తగ్గిస్తే బిగుస్తుందా, హ్యామర్ స్ప్రింగ్ స్క్రూ (గాలి వాల్వ్‌ని తన్నే హ్యామర్ దెబ్బ బలాన్ని మార్చేది) ఎటు తిప్పాలి?

స్క్రూ ముట్టుకునే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. ఈ లెక్క వేయకుండా ట్యూనింగ్‌లోకి దిగేవాళ్లే ఎక్కువ, అందుకే నెలల తరబడి స్క్రూ తిప్పుతూనే ఉంటారు.

సెకనుకు 230 మీటర్లతో బయల్దేరిన పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి సుమారు 0.045 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలో భూమి దాన్ని దాదాపు 10 మి.మీ. కిందికి లాగుతుంది. వేగం ఒక శాతం తగ్గితే ఈ జారుడు సుమారు రెండు శాతం పెరుగుతుంది. మీ 9 మీటర్ల తేడా అంటే 230లో దాదాపు 4 శాతం. అంటే జారుడులో తేడా 8 శాతం, అంటే 0.8 మి.మీ. అదీ నిలువుగా మాత్రమే. పక్కకు దాని ప్రభావం దాదాపు సున్నా.

ఇప్పుడు మీ గ్రూప్ చూడండి. 11 మి.మీ.లో ఒక పెల్లెట్ వెడల్పు 4.5 తీసేస్తే రంధ్రాల మధ్య బిందువుల దూరం 6.5 మి.మీ. వేగంలోని తేడా తెచ్చిపెట్టింది అందులో 0.8. మిగతాదంతా ఇంకెక్కడి నుంచో వస్తోంది. వేగాన్ని మీరు రేపు అచ్చంగా ఒకే అంకె మీద నిలబెట్టినా 10 మీటర్ల గ్రూప్‌లో మీ కంటికి ఆనేంత మార్పు రాదు.

25 మీటర్ల దగ్గర సంగతి వేరు. అక్కడికి వెళ్లేసరికి 0.12 సెకను, జారుడు ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. అందులో 8 శాతం అంటే 6 మి.మీ. అది లెక్కలోకి వచ్చే అంకే. అయితే అంతకంటే ముఖ్యమైన ఆధారం మీ అంకెల్లోనే ఇంకోటి ఉంది. 10 మీటర్ల దగ్గర 6.5 మి.మీ. ఉన్న గ్రూప్ దూరం రెండున్నర రెట్లు అయితే 16 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. మీకు 30 వచ్చింది. వేగం తేడా వల్ల వచ్చే 6 మి.మీ. కలిపినా లెక్క సరిపోదు. గ్రూప్ దూరానికి మించి విచ్చుకుంటోందంటే పెల్లెట్ దారిలో తన నిలకడ కోల్పోతోందని అర్థం. ఫ్లాట్ హెడ్ పెల్లెట్‌ని గట్టిగా తోసి దూరం పంపితే జరిగేది ఇదే.

కాబట్టి నా సమాధానం: తగ్గించండి. 10 మీటర్ల పని కోసమైతే 170 నుంచి 178 మధ్య ఎక్కడైనా పెట్టండి. తక్కువ వేగంలో ఏదో మహిమ ఉందని కాదు. ఆ దూరానికి, ఆ పెల్లెట్‌కి అంతకు మించి అవసరం లేదు, అవసరం లేని గాలి ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట ఇబ్బంది పెడుతుంది.

ఎక్కడ ఇబ్బంది పెడుతుందంటే ముఖ్యంగా మజిల్ దగ్గర, అంటే బ్యారెల్ ముందు కొస దగ్గర. పెల్లెట్ బ్యారెల్ దాటే క్షణంలో దాని వెనక ఉన్న గాలి ఇంకా ఒత్తిడితోనే ఉంటే, ఆ గాలి పెల్లెట్‌ని దాటుకుని ముందుకు దూసుకెళ్తుంది. పెల్లెట్ స్కర్ట్, అంటే వెనక అంచు, పలుచనిది, లోపల బోలు. క్రౌన్ (బ్యారెల్ ముందు కొస అంచు) ఒక పక్క వెంట్రుకంత తేడాగా ఉన్నా, స్కర్ట్ ఒక పక్క కాస్త నొక్కుకుపోయి ఉన్నా ఆ గాలి అసమానంగా తగిలి పెల్లెట్ తోకను పక్కకు నెడుతుంది. మ్యాచ్ రైఫిళ్ల (పోటీల కోసం చేసినవాటి) మజిల్ దగ్గర కనిపించే ఎయిర్ స్ట్రిప్పర్ ఉన్నది ఈ గాలిని పక్కకు మళ్లించడానికే. గాలి తక్కువ వాడితే సమస్య మూలంలోనే తగ్గుతుంది. రైఫిల్ కుదుపు తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, ఒక్క ఫిల్లింగ్‌కి షాట్లు పెరుగుతాయి. చప్పుడు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వందల షాట్ల తర్వాత మీకు తెలియకుండానే కన్ను మూసుకోవడం మొదలవుతుంది, అది వేగం కొలిచే ఏ క్రోనోగ్రాఫ్‌లోనూ కనిపించదు.

మ్యాచ్ రైఫిళ్లు ఎందుకు 170 దగ్గరే ఉంటాయని మీకు సందేహం రావచ్చు. కొంత జర్మనీ చట్టం ప్రభావం: అక్కడ లైసెన్స్ లేకుండా అనుమతించే పరిమితి 7.5 జౌల్స్. 0.53 గ్రాముల పెల్లెట్‌తో లెక్కేస్తే సరిగ్గా 168 దగ్గర ఆ గీత తగులుతుంది. కొంత అవసరమే అంత. ఫ్లాట్ హెడ్ పెల్లెట్ కాగితానికి పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది, స్కోరింగ్‌కి అదే కావాలి. 10 మీటర్ల లోపు అది తడబడే ప్రశ్నే లేదు. మీ రైఫిల్ ఇప్పుడు 230తో 14 జౌల్స్ ఇస్తోంది. మీ చోట చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో చూసుకోండి. బ్రిటన్‌లో రైఫిల్‌కి 12 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 16.3 జౌల్స్. పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, పైకి ట్యూన్ చేసేవాళ్లు అది దాటితే శిక్షార్హులవుతారు.

స్కోరు లెక్కలో ఈ అంకెలు ఏమవుతాయో కూడా చూద్దాం. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది అనేది 0.5 మి.మీ. చుక్క. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ మధ్య బిందువు టార్గెట్ మధ్య నుంచి 2.5 మి.మీ. లోపు పడితే పది వస్తుంది. డెసిమల్ స్కోరింగ్‌లో ఆ 2.5ని పది భాగాలు చేస్తారు, పాయింట్‌లో ఒక్కో పదో వంతుకి 0.25 మి.మీ. వేగం 170 దగ్గర ఉన్నప్పుడు 10 మీటర్లలో జారుడు సుమారు 18 మి.మీ. వేగంలో సెకనుకు ఒక మీటరు తేడా వస్తే నిలువుగా 0.2 మి.మీ. మారుతుంది. అంటే దాదాపు ఒక డెసిమల్ వంతు. గమనించారా, నిదానంగా కొట్టే రైఫిల్‌లో ఒక్క మీటరు తేడాకి శిక్ష ఎక్కువ. అందుకని వేగం తగ్గించేటప్పుడు తేడాను కూడా తగ్గించుకోవాలి. 172 దగ్గర 9 మీటర్ల తేడాతో కొడితే ఇప్పటి కంటే అన్యాయం: నిలువుగా 1.8 మి.మీ.

ఇక ఆ 9 మీటర్ల తేడా ఎక్కడి నుంచి వస్తోంది? దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే స్క్రూ తిప్పే పని సులువు, కారణం పట్టుకోవడమే కష్టం. కొత్తవాళ్లు సరాసరి అంకె, తేడా అంకె, రెండే రాసుకుంటారు. వరుస రాసుకోండి. పది షాట్ల సరాసరి కంటే ఒకటో షాట్ నుంచి ఆఖరి షాట్ దాకా ఏ క్రమంలో వచ్చాయన్నదే అసలు విషయం చెబుతుంది.

మొదటి షాట్ ఎక్కువ, తర్వాతివి కుదురుకుంటాయి అనుకోండి. అది రెగ్యులేటర్ క్రీప్. రెగ్యులేటర్ సీట్ (గాలి దారిని మూసే భాగం) పూర్తిగా మూసుకోక, రైఫిల్ ఊరికే ఉన్నప్పుడు రెగ్యులేటర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉన్న లోపలి గదిలో ఒత్తిడి మెల్లగా పెరుగుతుంది. అరగంట ఆగి ఒక షాట్, వెంటనే ఇంకో రెండు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. సీట్ అరిగిందో, దాని మీద చిన్న మురికి కూర్చుందో చూడాలి, సర్వీస్ చేయించాలి. స్క్రూ తిప్పితే పోయే జబ్బు కాదు.

మొదటి షాట్ తక్కువ వచ్చి తర్వాతివి బాగుంటే వాల్వ్ లేదా హ్యామర్ అంటుకుంటోంది. హ్యామర్ మీద ఎవరో చిక్కటి గ్రీజ్ పూసి ఉంటారు. తుడిచేసి పొడిగా గానీ, అతి పలుచగా గానీ ఉంచాలి.

నిమిషానికొకటి కొడితే బాగానే ఉంది, గబగబా కొడితే పడిపోతోంది అంటే రెగ్యులేటర్ గదిని నింపడానికి సమయం చాలట్లేదు. మ్యాచ్‌లో 60 షాట్లకి 75 నిమిషాలు ఇస్తారు కాబట్టి టార్గెట్ షూటర్‌కి ఇది పెద్ద ఇబ్బంది కాదు. కానీ మీరు క్రోనో ముందు కూర్చుని పది షాట్లు రెండు నిమిషాల్లో కొట్టి ఆ తేడాను కొలిచి ఉంటే, లేని జబ్బుకి మందు వెతుకుతున్నట్టే. మీరు టార్గెట్ మీద ఏ వేగంతో కొడతారో క్రోనో ముందూ అదే వేగంతో కొట్టండి.

ఏ వరుసా లేకుండా పైకీ కిందికీ ఎగురుతుంటే కారణం పెల్లెట్, బ్రీచ్ (పెల్లెట్ వేసే చోటు) దగ్గరి ఓ-రింగ్, లేదా క్రోనోగ్రాఫ్. ఓ-రింగ్ కోసం పలుచటి టిష్యూ కాగితం ముక్క బ్రీచ్ దగ్గర ఉంచి కొట్టండి, కాగితం అదిరితే గాలి పోతోంది. క్రోనోగ్రాఫ్ లైట్ సెన్సర్లది అయితే ట్యూబ్ లైట్ కింద పెట్టకండి. ఆ వెలుగు కంటికి తెలియకుండా మినుకుమంటుంటుంది, సెన్సర్ తికమకపడుతుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, మీ విషయంలో నాకు అనుమానం ఉన్నది: హ్యామర్ దెబ్బ రెగ్యులేటర్ ఒత్తిడికి చాలకపోవడం. వాల్వ్‌ని లోపలి గాలి మూసి పట్టుకుని ఉంటుంది. హ్యామర్ వచ్చి దాన్ని తన్నాలి. దెబ్బ బలహీనంగా ఉంటే వాల్వ్ సగం సగం తెరుచుకుంటుంది, రాపిడిలోనో ఒత్తిడిలోనో పిసరంత తేడా వచ్చినా ఎంత తెరుచుకుందన్నది మారిపోతుంది. దీన్ని పట్టుకునే పరీక్ష చాలా సులువు. సిలిండర్‌లో ఒత్తిడి రెగ్యులేటర్ సెట్టింగ్ కంటే కిందికి పడిపోయేదాకా కొడుతూ పోండి, ప్రతి షాట్ రాసుకోండి. రెగ్యులేటర్ పని ఆగిపోయిన దగ్గర వేగం వెంటనే తగ్గడం మొదలైతే హ్యామర్ సరిపోతోంది లేదా ఎక్కువైంది. తగ్గే ముందు వేగం కొద్దిగా పెరిగి, ఆ తర్వాత పడిపోతే హ్యామర్ బలహీనం. ఒత్తిడి తగ్గేసరికి వాల్వ్ తేలిగ్గా తెరుచుకుంటోంది కాబట్టే ఆ మూపురం వస్తుంది. ఈ ఒక్క గ్రాఫ్ మీ చేతిలో ఉంటే సగం ట్యూనింగ్ అయిపోయినట్టే.

ఇప్పుడు స్క్రూ దగ్గరికి వద్దాం. ముందుగా రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడండి, సర్దుబాటు చేసే ప్రతిసారీ చూడండి. స్క్రూ తల మీద, దాని పక్కన మార్కర్‌తో గీత పెట్టండి, ఎక్కడ మొదలుపెట్టారో తెలియాలి. స్ప్రింగ్‌ని బాగా వదులు చేసి, అక్కడి నుంచి అర చుట్టు అర చుట్టు బిగిస్తూ ప్రతి చోటా మొదటి రెండు షాట్లు వదిలేసి తర్వాతి పది రాయండి. మీకు ఇలా వచ్చాయనుకోండి: 148, అర చుట్టుకి 159, ఒక చుట్టుకి 168, ఒకటిన్నరకి 174, రెండుకి 177, రెండున్నరకి 178, మూడుకి మళ్లీ 178. పెరుగుదల 11, 9, 6, 3, 1, 0. ఎక్కడో వంపు తిరిగి చదును అయిపోయింది. ఆ చదును మీద ఎంత బిగించినా వేగం రాదు, అదనపు గాలి మాత్రం పెల్లెట్ వెనక వృథాగా పోతుంది, చప్పుడు పెరుగుతుంది. ఆ వంపుకి ఎడమ వైపు దూరంగా ఉంటే ప్రతి చిన్న తేడా వేగంలో కనిపిస్తుంది. కావాల్సిన చోటు వంపు మీద, గరిష్ఠ వేగానికి మూడు నాలుగు శాతం తక్కువలో. ఈ ఉదాహరణలో 178కి 172. అంటే ఒక చుట్టుకీ ఒకటిన్నరకీ మధ్య, ఒకటిన్నరకి దగ్గరగా. అక్కడికి వచ్చాక పావు చుట్టు కంటే తక్కువగా కదుపుతూ రెండు మూడు చోట్ల ఇరవై ఇరవై షాట్లు కొట్టి, ఏది స్థిరంగా ఉందో దాని దగ్గర ఆగండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. మీ రైఫిల్ ఇప్పుడున్న రెగ్యులేటర్ ఒత్తిడితో గరిష్ఠంగా 250 ఇస్తుందనుకుందాం. హ్యామర్ స్ప్రింగ్ ఒక్కటే వదులు చేసి దాన్ని 172కి దించితే గరిష్ఠంలో 70 శాతం దగ్గర ఉంటారు. వంపుకి చాలా ఎడమన. వేగం మీరు కోరుకున్నదే వచ్చింది, తేడా మాత్రం ఇప్పటి 9 నుంచి ఇంకా పెరగవచ్చు. అప్పుడు జనం "వేగం తగ్గిస్తే రైఫిల్ పాడైంది" అంటారు. తగ్గించాల్సింది ముందు రెగ్యులేటర్ ఒత్తిడి, తర్వాత దానికి తగ్గట్టు హ్యామర్. ఒత్తిడి తగ్గితే వంపు కూడా కిందికి దిగుతుంది, అప్పుడు 172 అనేది ఆ వంపు మీదే పడుతుంది. కొన్ని రైఫిళ్లలో ట్రాన్స్‌ఫర్ పోర్ట్ (వాల్వ్ నుంచి బ్యారెల్‌కి గాలి వెళ్లే దారి) సన్నం చేసే సర్దుబాటు కూడా ఉంటుంది, అదీ పనికొస్తుంది.

రెగ్యులేటర్ సెట్టింగ్‌ని బయటి నుంచి మార్చుకునే ఏర్పాటు మీ రైఫిల్‌కి ఉంటే మీరే చేసుకోవచ్చు, ఒక షరతు మీద. తగ్గించే దిశలో తిప్పేముందు గాలి ఖాళీ చేయాలి. ఒత్తిడి మీద ఉండగా కిందికి తిప్పితే సీట్ దెబ్బతినవచ్చు, లోపలి గదిలో పాత ఒత్తిడి అలాగే నిలిచిపోయి తప్పుడు అంకెలు వస్తాయి. బయటి ఏర్పాటు లేకుండా లోపల వాషర్ల దొంతరతో పనిచేసే రకమైతే ఆ పని తెలిసిన ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) చేతికి ఇవ్వండి. 200 బార్ గాలితో ఉన్న గొట్టాన్ని ఇంట్లో స్పానర్‌తో విప్పడం మీద నాకు వేరే అభిప్రాయమేమీ లేదు: వద్దు. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజ్ మాత్రమే. పెట్రోలియం నూనెలు అధిక ఒత్తిడి గాలితో కలిస్తే మండుతాయి. సిలిండర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటిందేమో చూసుకోవడం మీ బాధ్యత. ఐఎస్ఎస్ఎఫ్ నియమాల్లోనూ ఆ బాధ్యత షూటర్‌దే.

అంకెల విషయంలో ఒక జాగ్రత్త. అతి ఎక్కువకీ అతి తక్కువకీ మధ్య తేడా అనేది మోసం చేసే కొలత, ఎందుకంటే ఎన్ని షాట్లు కొడితే అంత పెరుగుతుంది. స్టాండర్డ్ డీవియేషన్ (షాట్లు సరాసరి చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) మారకపోయినా, సగటున ఐదు షాట్లకి ఆ తేడా దానికి 2.3 రెట్లు, పది షాట్లకి మూడు రెట్లు, ఇరవైకి 3.7 రెట్లు ఉంటుంది. కాబట్టి మీ పది షాట్ల 9 మీటర్లు అంటే డీవియేషన్ 3 దగ్గర. దాన్ని ఒకటికి తెస్తే చాలు, పది షాట్లలో 3 మీటర్ల తేడా వస్తుంది, 172 దగ్గర నిలువుగా 0.6 మి.మీ. అక్కడితో క్రోనో పక్కన పెట్టేయొచ్చు. డీవియేషన్‌ని 1 నుంచి 0.6కి తేవడానికి వారాలు ఖర్చు పెట్టేవాళ్లను చూస్తుంటాను. 10 మీటర్ల షూటర్‌కి అది కాలక్షేపం. ఆ సమయంలో పెల్లెట్ పరీక్ష చేసుకుంటే స్కోరు కదులుతుంది.

ఎందుకంటే మీ 6.5 మి.మీ.లో పెద్ద వాటా అక్కడే ఉందని నా నమ్మకం. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే బరువు పెల్లెట్లు వేరువేరు హెడ్ సైజుల్లో వస్తాయి: 4.49, 4.50, 4.51. మిల్లీమీటరులో నూరో వంతు తేడా. ఒక బ్యారెల్‌కి 4.50 నచ్చుతుంది, అదే మోడల్‌లో ఇంకో బ్యారెల్‌కి 4.49 నచ్చుతుంది. డబ్బా మీద బ్యాచ్ నంబర్ కూడా చూడండి, డై (అచ్చు) మారితే పెల్లెట్ మారినట్టే. అందుకే పోటీల్లో ఉన్నవాళ్లు తమ బ్యారెల్‌కి కుదిరిన బ్యాచ్ దొరికితే ఒకేసారి పెద్ద మొత్తంలో కొనిపెట్టుకుంటారు.

పరీక్ష వేగం కుదిరాకే చేయండి, ముందు చేస్తే మళ్లీ చేయాల్సి వస్తుంది. రైఫిల్‌ని క్లాంప్‌లో గానీ, కుదరకపోతే ఇసుక సంచుల మీద గానీ పెట్టండి. పెల్లెట్ రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది పన్నెండు షాట్లు లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ కొత్త పెల్లెట్‌కి అలవాటు పడాలి. తర్వాత ఒక్కో రకానికి పది షాట్ల గ్రూపులు రెండు మూడు. ఐదు షాట్లతో వచ్చిన అందమైన గ్రూప్‌ని నమ్మకండి, ఏ చెత్త పెల్లెట్ అయినా ఒక్కసారి ఐదు షాట్లు ఒకే రంధ్రంలో వేయగలదు. రంధ్రాల మధ్య బిందువులు 5 మి.మీ. వృత్తంలో పడితే ఆ రైఫిల్, ఆ పెల్లెట్ కలిసి పది తప్ప ఇంకేదీ కొట్టవు. మంచి మ్యాచ్ బ్యారెల్ దానికంటే చాలా బిగువుగా కొడుతుంది, అది వేరే సంగతి.

పెల్లెట్ వేసేటప్పుడు వేలికి తెలిసేది కూడా సమాచారమే. ఒకటి జారిపోయి, తర్వాతిది కాస్త బిగువుగా వెళ్తే ఆ రెండూ ఒకే చోటికి వెళ్తాయని ఆశపడొద్దు. స్కర్ట్ నొక్కుకున్నవి వెలుతురులో తిప్పి చూస్తే కనిపిస్తాయి, పక్కన పడేయండి, ప్రాక్టీస్‌కి కూడా వాడకండి. తూకం వేసి వేరు చేయడం నాకైతే పెద్దగా నమ్మకం లేని పని, మంచి మ్యాచ్ డబ్బాలో బరువు తేడా కంటే దెబ్బతిన్న స్కర్టులే ఎక్కువ దొరుకుతాయి. అన్నట్టు, ఇదంతా సీసం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే మానండి.

బ్యారెల్ శుభ్రం చేయడం గురించి: ఫెల్ట్ ముక్కలతో, బ్రీచ్ వైపు నుంచి, లోహపు బ్రష్ లేకుండా. క్రౌన్ చుట్టూ దూదిపుల్ల తిప్పి చూడండి, దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ గీత ఉంది, ఏ వేగం పెట్టినా అది సరికాదు. స్కోప్ గానీ, సైట్ గానీ పట్టి ఉంచే స్క్రూలు, స్టాక్ స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో ఇవన్నీ మొదలుపెట్టే ముందే చూడాలి.

25 మీటర్ల విషయానికి వస్తే, ఫ్లాట్ హెడ్‌ని అక్కడ వాడటం ఆపేయండి. గుండ్రటి తల ఉన్న డోమ్ పెల్లెట్ గాలిని చీల్చుకుని వెళ్తుంది, వేగం నిలుపుకుంటుంది, నిలకడగా ఉంటుంది. 0.53 నుంచి 0.55 గ్రాముల డోమ్ పెల్లెట్‌తో పరీక్షించండి. ఆరుబయట గాలి ఉంటే వేగం 200 పైన పెట్టుకోవడానికి అర్థం ఉంది, తగ్గినకొద్దీ గాలికి పక్కకు జరిగేది ఎక్కువ. అలాగని శబ్ద వేగం వైపు తోసుకుంటూ పోవద్దు. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 300 దాటాక పెల్లెట్ మీద గాలి నిరోధం బాగా పెరిగి అది ఊగడం మొదలవుతుంది. 10కీ 25కీ ఒకే సెట్టింగ్ ఉంచుకోవాలంటే, ఇండోర్ అయితే 175 దగ్గర పెట్టి పెల్లెట్ మాత్రం మార్చండి. నేనైతే ప్రతి వారం స్క్రూ అటూ ఇటూ తిప్పడం కంటే అదే మేలంటాను. ఆ వేగంతో 25 మీటర్లలో జారుడు 12 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, ఒక మీటరు తేడాకి దాదాపు మిల్లీమీటరున్నర. డీవియేషన్ ఒకటి ఉంటే సరిపోతుంది.

ఇదే ప్రశ్న స్ప్రింగ్ రైఫిల్ ఉన్నవాళ్లు అడిగితే సమాధానం చాలా చిన్నది. వేగానికి స్క్రూ లేదు. స్ప్రింగ్, పిస్టన్ సీల్, పెల్లెట్ బరువు, ఈ మూడే. కొత్త రైఫిల్ కొన్ని వందల షాట్ల దాకా కుదురుకోదు, సీల్ దగ్గర నూనె ఎక్కువైతే అది మండి వేగం ఎగిరిపడుతుంది. గట్టి స్ప్రింగ్ వేస్తే గ్రూప్ బిగుస్తుందనేది భ్రమ. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే రైఫిల్ కదులుతుంది కాబట్టి, కాస్త మెత్తటి స్ప్రింగ్‌తో తక్కువ కుదుపు ఉన్నదే గురికి మంచిది. సీఓ2 రైఫిల్‌లో ఇంకోరకం బాధ: 20 డిగ్రీల దగ్గర సిలిండర్‌లో ఒత్తిడి 57 బార్, గది చల్లబడినా, గబగబా కొట్టినా అది పడిపోతుంది. క్రోనో అంకె పక్కన ఉష్ణోగ్రత కూడా రాసుకోకపోతే ఆ అంకెకి విలువ లేదు.

వేగం 230 నుంచి 172కి దిగాక మొదటి షాట్ చూసి కంగారు పడకండి. జారుడు 10 మి.మీ. నుంచి 18కి పెరుగుతుంది, పెల్లెట్ బ్యారెల్‌లో ఉండే సమయం మారి కుదుపు ప్రభావం కూడా మారుతుంది. దెబ్బ కిందికి, కొద్దిగా పక్కకు కూడా పడొచ్చు. పెల్లెట్ మజిల్ దాటేదాకా రైఫిల్‌ని కదలకుండా పట్టుకోవాల్సిన సమయం ఇప్పుడు కాస్త ఎక్కువ, ఫాలో త్రూలో (ట్రిగ్గర్ నొక్కాక కూడా గురి నిలిపి ఉంచడంలో) తొందర ఉంటే అది కొత్తగా బయటపడుతుంది. దాన్ని ట్యూనింగ్ తప్పు అనుకుని మళ్లీ స్క్రూ దగ్గరికి వెళ్లొద్దు. సైట్ సర్దుకుని, స్క్రూ మీద నెయిల్ పాలిష్ చుక్క ఒకటి పెట్టేయండి. కదిలితే ఆ చుక్క పగులుతుంది, మీకు తెలుస్తుంది. రెండు మూడు వారాలు ఆ సెట్టింగ్ మీదే కొట్టాక, డబ్బా మూత లోపల బ్యాచ్ నంబర్, సరాసరి వేగం, డీవియేషన్ రాసి పెట్టుకుంటే, మళ్లీ క్రోనో తీయాల్సింది డబ్బా బ్యాచ్ మారినప్పుడో, రెగ్యులేటర్ సర్వీస్ అయినప్పుడో మాత్రమే.